ఉడ్‌సైడ్ చిరునామా

ఫోను మోగేసరికి రొసెందో నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. ఎదురుగా బల్ల మీద ఒక పెళ్లికూతురు నిలబడి ఉంది. ఆమె గౌను అంచు నేలకి రెండు వేళ్ల ఎత్తున ఆగేలా మడిచి సూదులు గుచ్చుతున్నాడు. ఆగస్టు మధ్యాహ్నం, షాపంతా ఇస్త్రీ ఆవిరి. వీధి మీది వంతెన పట్టాలపై, నెత్తి మీంచి ఏడో నంబరు రైలు పోతోంది. రైలు వచ్చినప్పుడు మాట ఆపేసి, పోయాక ఆపిన అక్షరం దగ్గర్నుంచే అందుకోవడం రూజ్‌వెల్ట్ ఎవెన్యూ జనానికి పుట్టుకతో వచ్చిన విద్య. రైలు పోయింది. షాపు యజమాని రిసీవరు చేతికిస్తూ, ఎవరో లాయరమ్మ అన్నాడు. రొసెందో సూదులు అరచేతిలోకి తీసుకుని విన్నాడు.

"చట్టం వచ్చేసింది మిస్టర్ తెనెసాకా," అంది రూత్ పెర్ల్‌మన్. "టవర్లలో పనిచేస్తూ పోయినవాళ్ల భార్యలకీ భర్తలకీ వారం వారం ఇచ్చేది, ఇకనుంచి వాళ్లతో కాపురం చేసినవాళ్లకీ ఇస్తారు. ఆడా మగా అని చూడరు. కలిసి బతికారని చూపిస్తే చాలు."

ఆ చివరి మాట ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. కలిసి బతికారని చూపిస్తే చాలు.

ఇంతేనా అనుకున్నాడు రొసెందో. ఫౌస్తోతో ఏడేళ్లు ఒకటే సబ్బు, ఒకటే గోళ్లకత్తెర, ఒకటే గొడుగు. దాన్ని చూపించడం ఏం కష్టం? కళ్లు తుడుచుకుందామంటే చేతినిండా సూదులు. బల్ల మీద పెళ్లికూతురు బెదిరిపోయి, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది. ఏమీ కాలేదమ్మా, నాకూ పెళ్లయినట్టుంది, అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. అతనూ నవ్వి, కదిలితే అంచు వంకరపోతుందని చెప్పి మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆరోజు కుట్టినంత తిన్నగా అతను ఏ అంచూ కుట్టలేదు.

ఫౌస్తో, కూలిపోయిన ఆ టవర్లలో ఒకదాని పైఅంతస్తులో ఉన్న రెస్టారెంటులో రొట్టెలు కాల్చేవాడు. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, రొసెందో నిద్ర చెడకూడదని దీపం వేయకుండా బట్టలు వేసుకునేవాడు. చీకట్లో మేజోళ్లు ఎవరివి ఎవరికి దొరికితే వాళ్లవే. ఒకోసారి ఒక కాలికి తనది, ఒక కాలికి రొసెందోది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆకారం సరిగా రాని చిన్న రొట్టెలు రెండు కోటు జేబుల్లో పెట్టుకుని వచ్చేవాడు. చక్కగా వచ్చినవి డబ్బున్నవాళ్లకి, వంకరవి మనకి, అవే రుచి చెందో, అనేవాడు. రొసెందోని చెందో అని పిలిచేది అతనొక్కడే. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఫౌస్తో కళ్లు మూతలు పడేవి. రొసెందో ఇంటికి తెచ్చుకున్న కుట్టుపనితో ఇంకా కొంతసేపు కూర్చునేవాడు. ఆ రెండు గదుల్లో ఎప్పుడూ ఒకరు నిద్రపోతుంటే ఇంకొకరు మునివేళ్ల మీద నడుస్తుండేవారు. కాపురమంటే అదేనని ఇద్దరికీ నమ్మకం. ఐదింటి నుంచి ఎనిమిది దాకా ఇద్దరూ మేలుకుని ఉండే మూడు గంటలూ రోజూ పండగే.

పోయిన సెప్టెంబరు, ఆ మంగళవారం కూడా ఫౌస్తో మునివేళ్ల మీదే వెళ్లాడు. రొసెందోకి మెలకువ రాలేదు.

ఆ తర్వాత ఏడాదంతా క్యూలే. నది ఒడ్డున పెద్ద షెడ్డులో, ఆఫీసు కిటికీల ముందు, సహాయసంఘాల బల్లల ముందు, అందరిదీ ఒకటే ప్రశ్న. మీరు ఆయనకేమవుతారు? రొసెందో నోరు తెరిచేలోగా పక్కనున్న ఎర్మెలిందా జవాబు చెప్పేసేది. మా కొంపాద్రే అండీ, అని. ఆవిడ ఫౌస్తో తల్లి. చెబుతూ రొసెందో చేయి గట్టిగా పట్టుకునేది. కిటికీ అవతలివాళ్లు అయ్యో పాపం అని, తల్లికి కుర్చీ చూపించి, అతన్ని గోడ పక్కన నిలబడమనేవారు.

బిడ్డకి జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడినవాడు ఆ బిడ్డ తల్లిదండ్రులకీ, ఇంటి పెద్దలకీ కొంపాద్రే అవుతాడు, బిడ్డ తల్లి అతనికి కొమాద్రే. రక్తం కలవని చుట్టరికమే అయినా, ఇక్వడార్ కొండల్లో దానికున్న బరువు అన్నదమ్ముల చుట్టరికానికి లేదు. ఫౌస్తో చెల్లెలు నెల్లీకి కూతురు పుట్టినప్పుడు, రొసెందోనే జ్ఞానతండ్రిగా నిలబెడదామన్నది ఎర్మెలిందా. అప్పటికి రెండేళ్లుగా అతను ప్రతి ఆదివారం ఫౌస్తో వెనకాలే వచ్చి వాళ్లింట్లో భోంచేస్తున్నాడు. కింద వాటాల వాళ్లు అప్పుడప్పుడు ఆరా తీస్తున్నారు. వంటింట్లో రొసెందోని ఒంటరిగా చూసి, పళ్లెంలో ఇంకో ఊమితా వేస్తూ, ఆవిడ చెప్పింది. వీడెవడని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక మాట ఉండాలి కదా నాయనా, అని. ఆరోజు రొసెందో ఆ మొక్కజొన్న ముద్దని, పైన చుట్టిన ఆకుతో సహా నమిలేశాడు. అంత సంతోషం. తల్లి చచ్చిపోయాక అతన్ని నాయనా అన్నవాళ్లు లేరు.

అప్పట్నుంచీ పదిమందిలో కొంపాద్రే, ఇంటివాళ్లే ఉన్నప్పుడు నాయనా. ఆవిడ ఎప్పుడూ తడబడలేదు.

అందుకే ఆ ఆగస్టు సాయంత్రం షాపు మూయగానే రొసెందో సొంత ఇంటికి వెళ్లలేదు. రెండు వీధుల అవతల ఎర్మెలిందా వాటాకి మూడంతస్తులూ ఒక్క గుక్కలో ఎక్కాడు. మెట్ల మీదే చెప్పేశాడు, తలుపు పూర్తిగా తెరుచుకోకముందే. ఆవిడ విని, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. మంచిది, మంచిది, అంది. ఫౌస్తో ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగించింది. ఉడికించిన తెల్ల మొక్కజొన్న గింజల్లో గుడ్లు కొట్టి వేయించి పెట్టింది. అతను రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. తింటూ, లాయరమ్మ మిమ్మల్ని ఒక కాగితం అడుగుతుందేమోనమ్మా, అన్నాడు. అడిగితే సంతకం పెడతా, దానికేముంది, అంది.

పెర్ల్‌మన్ అడిగింది. రొసెందో పోగుచేసి తెచ్చినవన్నీ తిరగేసి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, ఇవి చాలవని చెప్పింది. ఇంటి అద్దె కాగితం ఫౌస్తో ఒక్కడి పేరునే ఉంది. ఇల్లుగలాయన చర్చిలో పెద్ద, ఇద్దరు మగాళ్లకి ఇల్లివ్వనంటాడేమోనని అలా రాయించుకున్నారు. కరెంటు బిల్లూ ఫౌస్తో పేరే. మిగతా లావాదేవీలన్నీ చేతి నగదే, కాగితం లేదు. ఫోటోలు మాత్రం బోలెడున్నాయి. కానీ ఏ ఫోటో తీసినా ఇద్దరి మధ్యా నెల్లీ కూతురు దొమేనికా ఉంది. బీచిలో దొమేనికా, పార్కులో దొమేనికా, పుట్టినరోజు కేకు దగ్గర దొమేనికా. ఇటు జ్ఞానతండ్రి, అటు మేనమామ. చూసినవాళ్లు ఎంత మంచి కుటుంబం అనుకోవాలి, అంతకుమించి ఏమీ అనుకోకూడదు. అలా నిలబడటం వాళ్లకి ఎంత అలవాటైపోయిందంటే, ఫోటో తీసేవాళ్లు లేకపోయినా ఆ పిల్లని మధ్యలో పెట్టుకునే నడిచేవారు.

పక్కింటావిడ ఒక ఉత్తరం ఇచ్చింది. రెస్టారెంటులో ఆరోజు సెలవులో ఉండి బతికిపోయిన వంటవాడు ఇంకొకటి ఇచ్చాడు. వీటన్నిటికంటే తల్లి మాట గట్టిది అంది పెర్ల్‌మన్. తల్లే వచ్చి అవును, వీళ్లు కాపురం చేశారు అని చెబితే ఇక అడిగేవాడుండడు.

ముందు ఫౌస్తో సంవత్సరీకం పూజ కానీ, అంది ఎర్మెలిందా. నిజమే, అయ్యాకే చూద్దామనుకున్నాడు. సెప్టెంబరులో పూజ జరిగింది. కుటుంబానికని వదిలిన ముందు వరసలో ఆవిడ పక్కనే కూర్చున్నాడు, కొవ్వొత్తి పట్టుకున్నాడు. అక్టోబరు మొదటివారం ఆవిడకి జ్వరం. రెండోవారం, నాకు ఇంగ్లీషు రాదు కదా, నెల్లీ రాస్తుందిలే, అంది. నెల్లీ గుమ్మం దాకా వచ్చి అతన్ని కౌగలించుకుని, నేను చూసుకుంటా కొంపాద్రే, అంది. ఆ మాటకే పొంగిపోయి రొసెందో వాళ్ల ముందుగదికి కొత్త కర్టెన్లు కుట్టి, తనే నిచ్చెనెక్కి తగిలించి వచ్చాడు. ఊదాపూల గుడ్డ. కిటికీ తెరిస్తే గాలికి భలే ఉబ్బేవి.

విచారణ అక్టోబరు చివరి గురువారం పడింది. బుధవారం మధ్యాహ్నం పెర్ల్‌మన్ షాపుకి ఫోన్ చేసి వెంటనే రమ్మంది.

ఆమె బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది చేత్తో రాసింది. కింద ఎర్మెలిందా సంతకం, వణుకుతూ. దాని కింద, అనువదించి రాసినవారు అని నెల్లీ సంతకం, గుండ్రంగా. అవివాహితుడైన నా కుమారుడు ఫౌస్తో మీద ఆధారపడినదాన్ని నేనొక్కతినే అని ఉంది. రొసెందో తెనెసాకా నా మనవరాలి జ్ఞానతండ్రి, కుటుంబ మిత్రుడు, ఆదివారాలు భోజనానికి వచ్చేవాడు అని ఉంది. పెర్ల్‌మన్ ఒక్కో మాటా స్పానిష్‌లో మార్చి చెప్పింది. రొసెందో ఆదివారాలు అన్నచోట ఆపమని, ఆ వాక్యం మళ్లీ చెప్పించుకున్నాడు.

రెండోది జ్ఞానస్నానం సర్టిఫికెట్. చర్చి రిజిస్టరులోంచి తీయించిన నకలు, అడుగున గుండ్రటి ముద్ర. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతండ్రి పేరు. జ్ఞానతండ్రి చిరునామా: ఉడ్‌సైడ్, అరవైయ్యొకటో వీధి, నేలమాళిగ గది. పక్కన రొసెందో సంతకం.

"ఇది మీ సంతకమేనా?" అంది పెర్ల్‌మన్.

"నాదే."

"అప్పటికి మీరు ఫౌస్తోతో రెండేళ్లుగా ఉంటున్నానని నాకు చెప్పారు."

"ఉంటున్నాను."

ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. రేపు అవతలివాళ్లు ఒకటే అడుగుతారు, అంది. దేవుడి ముందు సంతకం పెట్టి అబద్ధం చెప్పినవాడు, ఇప్పుడు డబ్బు కోసం చెప్పేది నిజమని ఎలా నమ్మాలి అని. మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా, ఈ చిరునామా ఎలా పడింది, అని అడిగింది. రొసెందో తల అడ్డంగా ఊపాడు. అనుమానమెందుకు, ఆరోజు అతను అక్కడే ఉన్నాడు.

జ్ఞానస్నానానికి ముందు శనివారం. చర్చి ఆఫీసులో రాతగత్తె పెన్ను పట్టుకుని, జ్ఞానతండ్రిది ఏ ఇల్లు అని అడిగింది. రొసెందో కొత్త చొక్కా మెడ దగ్గర బిగుతుగా ఉంది. జవాబు చెప్పబోయింది ఫౌస్తో. ఇంటి నంబరు సగం చెప్పాడు కూడా. బల్ల కింద ఎర్మెలిందా అతని కాలు తొక్కింది. అటు తొక్కుతూనే ఇటు నవ్వుతూ ఉడ్‌సైడ్ అమ్మా అంది. పెళ్లికాని మగాళ్లిద్దరూ ఒకే ఇంట్లో అంటే ఫాదరు వంద ప్రశ్నలు వేస్తాడు, జ్ఞానతండ్రిగా ఒప్పుకోడు అని బయటికొచ్చాక చెప్పింది. రొసెందో ఉడ్‌సైడ్ గది ఖాళీ చేసి అప్పటికే రెండేళ్లయింది. ముగ్గురూ మెట్ల మీద నిలబడి కడుపుబ్బ నవ్వుకున్నారు. ఫౌస్తో కుంటుతున్నట్టు నటిస్తూ బస్టాపు దాకా నడిచాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదొక ఆట. ఆదివారం పొద్దున రొసెందో దుప్పటంతా తన మీదికి లాక్కుంటే, మీ ఉడ్‌సైడ్ బస్సు వెళ్లిపోతోంది చెందో, లే, అనేవాడు.

ఇన్నాళ్లూ ఆ కథ తలుచుకుంటే రొసెందోకి నవ్వే వచ్చేది. పెర్ల్‌మన్ గదిలో కూర్చుని మొదటిసారి ఇంకోటి కనబడింది. తల్లి కాలు తొక్కగానే ఫౌస్తో నంబరు మధ్యలో ఆపేశాడు. కాలు తొక్కించుకుంటూ కూడా మిగతా సగం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. తనూ చెప్పలేదు. పెన్ను అందుకుని సంతకం పెట్టాడు. అందంగా పెట్టాడు, కింద గీత కూడా గీసి.

ఆఫీసు బయటికొచ్చి రైలెక్కాడు. దిగాల్సిన స్టేషను దాటి రెండు స్టేషన్లు పోయాక చూసుకుని, దిగి, వెనక్కి నడిచాడు. ఎర్మెలిందా ఇంటి మెట్లు ఈసారి ఒక్కొక్కటే ఎక్కాడు. ఆరు కావస్తోంది.

తలుపు తీసింది నెల్లీ. అతని చేతిలో కవరు చూసి, ఏమీ అడక్కుండా పక్కకి తప్పుకుంది. దొమేనికా డాన్సు క్లాసుకి వెళ్లిందట, తండ్రి తీసుకొస్తాడట. అడగకపోయినా చెప్పింది. వంటింట్లో ఎర్మెలిందా పెద్ద గిన్నెలో కొలాదా కాస్తోంది. ఏటా అది కాచే చనిపోయినవాళ్ల రోజు ఈ శనివారమే. నల్ల మొక్కజొన్న పిండి, కొండపళ్లు, దాల్చినచెక్క, అనాస తొక్కలు కలిసి ఉడుకుతుంటే ఇల్లంతా తియ్యటి వాసన. ఇంకో రోజైతే రొసెందో నేరుగా వెళ్లి గరిటె అందుకుని రుచి చూసేవాడు. గుమ్మం దగ్గరే ఆగాడు.

"కూచో కొంపాద్రే," అంది ఎర్మెలిందా.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఆవిడ వెనక ఎవరైనా కొత్తవాళ్లున్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు.

కాగితాలు బల్ల మీద పరిచాడు. ఆవిడ చదవలేదు, చూసి గిన్నెవైపు తిరిగింది.

"అమ్మా, ఇవి మీరే పంపించారా?"

"నేనే."

"ఉడ్‌సైడ్ అని రాయించిందెవరు?"

"అదీ నేనే. అబద్ధమని నాకు తెలుసు, నీకు తెలుసు, పైనున్నవాడికి తెలుసు. ఆఫీసోళ్లకెందుకు?"

"నది ఒడ్డు షెడ్డులో ఆనవాలు పరీక్షకి ఫౌస్తో టూత్‌బ్రష్ తెమ్మంటే తెచ్చింది నేను. ఎక్కణ్ణుంచి తెచ్చాననుకున్నారు, ఉడ్‌సైడ్ నుంచా?"

గరిటె ఒక్క క్షణం ఆగి మళ్లీ తిరిగింది. అడుగంటకూడదు కదా. నెల్లీ ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి గోళ్లు చూసుకుంటోంది. రొసెందో ఆమె వైపు తిరిగి, ఆదివారాలు భోజనానికి వచ్చేవాడని రాసేటప్పుడు చెయ్యి ఆగలేదా కొమాద్రే, అని అడిగాడు. ఆగింది, రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశా, అంది నెల్లీ. అమ్మ మొహం చూడు, అమ్మకి ఇంకెవరున్నారు, అంది. కొత్త కాగితం తీసుకుని శుభ్రంగా తిరగరాసి ఉంటుంది. అతను చూసిన దాంట్లో కొట్టివేత ఒక్కటీ లేదు.

ఎర్మెలిందా మంట తగ్గించి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. ఆవిడ కళ్లలో కోపం లేదు, దొరికిపోయానన్న సిగ్గూ లేదు. పిల్లాడికి మందు తాగించేవాళ్ల ఓపిక ఉంది.

"డబ్బు గురించైతే బెంగపడకు. చెక్కు నా పేరున వస్తుంది, నేను ముట్టుకోను. ఆదివారం నువ్వు భోజనానికొచ్చినప్పుడు నీ చేతిలో పెడతా. ఒక్క సెంటు తగ్గితే నన్నడుగు. నా కొడుకు చెమట నీది కాదని నేనెప్పుడన్నా?"

దానికి రొసెందో సిద్ధంగా లేడు. ఆవిడ ఆశపడి ఉంటే బాగుండునని దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆశపడిన మనిషిని తిట్టొచ్చు, తిట్టి లేచి రావచ్చు. ఈవిడ సొమ్మంతా ఇచ్చేస్తానంటోంది. ఇవ్వనంటున్నది ఒక్క గీత. కాగితాల్లో మీరు ఆయనకేమవుతారు అన్నచోట, జవాబు రాయడానికి ఖాళీగా వదిలే ఆ ఒక్క గీత.

"నాకు డబ్బు వద్దమ్మా. మీరు అవునని చెప్పండి. ఒక్కసారి, ఒక్క మనిషి ముందు."

"ఒక్క మనిషి ముందా?" ఎర్మెలిందా నవ్వలేదు గానీ నవ్వినట్టే అంది. "అక్కడ అన్నది సాయంత్రానికల్లా ఈ వీధికొస్తుంది. రేపు పొద్దున్నకి ఫోను మీద మా ఊరెళ్తుంది. మా ఊళ్లో వాడికోసం మూడు రోజులు గంట కొట్టారు. కొండ మీద పల్లెలోళ్లు కూడా నడిచొచ్చి ఏడ్చారు. ఎర్మెలిందా కొడుకు, పనిచేస్తూ పోయాడు, అని ఏడ్చారు. నువ్వు ఇంకో పేరు తగిలిస్తే ఆ ఏడ్చినోళ్లే నవ్వుతారు. వాడిది ఒక ఎముక కూడా దొరకలేదు నాకు. మిగిలింది వాళ్ల ఏడుపే. అది కూడా పట్టుకుపోతావా?"

"మరి నేనేమని ఏడవాలి?"

"ఈ ఏడాదంతా ఏమని ఏడ్చావో అలాగే."

గిన్నెలో కొలాదా బుడగలు పొంగి మూత కదిలింది. నెల్లీ వెళ్లి మూత పక్కకి జరిపింది. కిటికీకి ఊదాపూల కర్టెన్లు గాలికి ఉబ్బి, మళ్లీ చప్పబడ్డాయి. రొసెందో వాటిని చూస్తూ కూర్చున్నాడు. కుట్టు తిన్నగానే ఉంది. ఆ కుట్టు వేస్తున్న రోజుకే ఈ కాగితం రాయడం అయిపోయి ఉంటుంది. అతను నిచ్చెన మీద నిలబడి ఉంటే కింద నిచ్చెన పట్టుకుంది ఎర్మెలిందాయే. పడతావు నాయనా, జాగ్రత్త, అంది. ఎనిమిదేళ్లుగా ఈవిడ పట్టుకున్న ప్రతి పట్టూ ఇంతేనా? షెడ్డులో చెయ్యి పట్టుకున్నది ఓదార్చడానికా, నోరు తెరవనీయకుండానా? రెండూ నిజమేమో. అదే అతనికి అన్నిటికంటే మింగుడు పడలేదు. ఆవిడ ప్రేమ అబద్ధమైతే ఇంత నొప్పి ఉండేది కాదు.

ఏం చేయబోతున్నావని ఎర్మెలిందా అడిగింది. ఆ చిరునామా అబద్ధమని చెబుతానన్నాడు. ఆవిడ మొహం మొదటిసారి మారింది.

"చర్చిలో అబద్ధమాడి సంతకం పెట్టానని నీ నోటితో నువ్వే చెబితే, ఫాదరు నిన్ను జ్ఞానతండ్రిగా ఉంచుతాడా? వచ్చే ఏడు ఆ పిల్లకి మొదటి దివ్యసత్ప్రసాదం. తెల్లగౌను నువ్వే కుడతావని అందరికీ చెప్పుకుంటోంది. దాని పక్కన నిలబడటానికి నువ్వెవరివి అప్పుడు? కొంపాద్రే కూడా కావు. ఏమీ కావు."

అది బెదిరింపు కాదు, ఉన్న మాట. ఫౌస్తో పోయాక అతనికి ఈ లోకంలో ఒకరికి ఏదో ఒకటి అవుతానని చెప్పుకోవడానికి మిగిలింది దొమేనికా ఒక్కతే. ఆ పిల్ల అతన్ని పద్రీనో, జ్ఞానతండ్రీ, అని పిలుస్తుంది, వీధి చివర్నుంచి, అందరికీ వినబడేలా. ఒక పక్క ఆ పిలుపు, ఇంకో పక్క ఆ గీత. రైలు వచ్చింది, పోయింది. పోయాక కూడా రొసెందో మాట అందుకోలేదు.

"చిరునామా ఎవరు చెప్పమన్నారని అడుగుతారు," అన్నాడు చివరికి. "ఇన్నేళ్లూ ఎవరడిగినా మీ పేరు రానివ్వలేదు. రేపు చెప్తానమ్మా."

ఎర్మెలిందా బల్ల మీద కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్ది అతని వైపు జరిపింది. చెప్పు, అంది. నేను కాదంటా, అంది. అంటారని తెలుసు, అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత సూటిగా మాట్లాడుకోవడం వాళ్లకి ఇదే మొదటిసారి. ఆవిడ లేచి, అలవాటు కొద్దీ, కప్పు తీసి గరిటెతో కొలాదా పోయబోయి ఆగింది. పోయాలో వద్దో తేల్చుకోలేక కప్పు చేతిలోనే పట్టుకుని నిలబడింది. అతను కవరు చంకలో పెట్టుకుని, కుర్చీ బల్ల కిందికి తోసి, గుమ్మం దాకా నడిచాడు. నెల్లీ ఫ్రిజ్ దగ్గర్నుంచి కదల్లేదు.

అక్కడ తిరిగి నిలబడి, షాపులో కొలతలు రాయించినట్టు, ఒక్కొక్కటే చెప్పాడు.

"రేపు ఎనిమిదింటికి చర్చి ఆఫీసు తెరుస్తారు. ముందు అక్కడికెళ్లి రిజిస్టరు దిద్దమని ఫాదరుకి రాసిస్తా. పదింటికి విచారణ. మిమ్మల్ని కూడా పిలుస్తారు, ఏడో అంతస్తు. మోకాళ్ల నొప్పులతో రైలు మెట్లు ఎక్కకండి. తొమ్మిదింటికి కింద కారు ఆగి ఉంటుంది, డబ్బులు నేనిస్తా. మందపాటి కోటు వేసుకోండమ్మా, ఆ హాల్లో చలిగా ఉంటుందట."